ఎడమ చెప్పు

రెండేళ్ళు ఎడమ చెప్పే నా బ్రేకు.
రాయగడ స్టేషను వాలులో తెల్లారగట్ట
నాలుగు క్యాన్ల దోసెల పిండి వెనకాల పెట్టుకుని
చెప్పు నేలకి రాసుకుంటూ దిగేవాణ్ణి.
మడమ దగ్గర అరిగి అరిగి అప్పడమయ్యేది.
కుడిది మాత్రం కొన్ననాటి నలుపు.
ఒక్క చెప్పు అమ్మవా అంటే
బండి మీది కుర్రాడు నా కాళ్ళకేసి చూశాడు,
రెండూ ఉన్నాయా అని.

మూడు చక్రాల బండి నేను కట్టిందే.
కాగితాల మిల్లులో ముప్పయ్యేళ్ళు పైపులు బిగించిన చెయ్యి,
మంచం పట్టెలు రెండు, పాత సైకిలు ముందు సగం,
వెనక ఇరుసుకి ఇనప కడ్డీ.
నడవడం నడిచింది.
ఎక్కేటప్పుడు దిగి తోసేవాణ్ణి,
దిగేటప్పుడు మజ్జిగౌరమ్మను తలుచుకునేవాణ్ణి.

ఓ రోజు ఇరుసు విప్పి
లింగరాజు మినియాకా కొట్టులో పడేశాను.
వాడికి కువి, ఒడియా, తెలుగు మూడూ వచ్చు,
వెల్డింగు అద్దం దించాక ఏదీ మాట్లాడడు.
పార్వతీపురం నించి పాసింజర్లో వచ్చాయి
గోనె ముక్కలో చుట్టిన ఏడు పళ్ళ చక్రాలు,
పెద్దదాని మీద చిన్నది, గిన్నెల దొంతరలా.
రెండు డిస్కులు కూడా.
వాటిని చూసి మా సన్యాసమ్మ
"ఏటి, జంతికల బిళ్ళలు తెచ్చినావు?" అంది.
నిజమే, అవే చిల్లులు.

గేర్లు ఎడమ చక్రానికే.
రెంటికీ పట్టిస్తే మలుపులో
ఒకదాన్నొకటి ఈడ్చుకుని టైర్లు ఏడుస్తాయి.
ఒకటి లాగాలి, రెండోది ఊరికే వెంట రావాలి
అని చెబితే
"మా బావలాగ" అన్నాడు లింగరాజు,
అద్దం ఎత్తకుండానే.

ఒకటి చాలదా అని ముందు ఒక్క డిస్కే వేశాం.
నొక్కాను. బండి ఎడమకి మళ్ళి
సరాసరి అల్లం బస్తాల్లోకి.
ముసలాయన ఒడియాలో తిట్టినవన్నీ
అర్థం కానట్టే నిలబడ్డాను.

రెండోదీ వేశాం.
పిడి ఒకటి, తీగలు రెండు.
ఒకటి ముందు బిగుస్తుంది, ఒకటి తీరిగ్గా.
రాత్రంతా గింజుకున్నాక
పళ్ళు తోముకుంటుంటే తట్టింది, కాడి.
జానెడు పట్టీ, నడిమికి పిడి తీగ,
రెండు కొసలకీ రెండు బ్రేకులు.
ఒకవైపు ముందే పట్టేస్తే
పట్టీ వాలి రెండోవైపుకి అందిస్తుంది.
మా అయ్యకి బొబ్బిలి సంతలో దొరికిన జత
ఒకటి చురుకు, ఒకటి మొద్దు.
ఆయన కాడి కట్టు బెత్తెడు జరిపేవాడు.
నేను జరపక్కర్లేదు, అదే ఊగుతుంది.

ఇంకా ఓ కీచు మిగిలింది.
డిస్కు తిరిగినప్పుడల్లా అన్నంలో రాయిలా.
పౌడరు డబ్బా కత్తిరించి
బోల్టు కింద రేకు ముక్క పెట్టాను.
ఇప్పటికీ అక్కడ
డబ్బా మీది అమ్మాయి సగం ముఖం ఉంది.

మంగళవారం.
మిల్లు గేటు ఎత్తు కూర్చునే ఎక్కాను.
చీమ నయం. కాని కూర్చునే.
వాలు మొదట్లో తొక్కడం ఆపితే
వెనక టిక్కు టిక్కు టిక్కు,
ఎవరో చిల్లర లెక్కపెడుతున్నట్టు.
మంచు. కింద గూడ్సు దీపాలు.
ఈ దారిలో వీధి దీపం కింద
ఓ నీలం తలుపుందని రెండేళ్ళలో చూళ్ళేదు.
నేల చూసేవాణ్ణి కదా.

రైలు గేటు పడింది. నొక్కాను.
బండి ఆగింది, గీత గీసినట్టు.
పిండి ఆగలేదు.
మూత లేచి అర క్యాను
చల్లగా నా వీపు మీదికి.
"మూతకి కూడా బ్రేకెయ్యి" అని
సన్యాసమ్మ చొక్కా నీళ్ళలో పడేసింది.
పులిసిన వాసన రెండు ఉతుకులకి గాని పోలేదు.

ఇప్పుడు మూతలకి ట్యూబు ముక్కలు కట్టాను.
చెప్పులు కొత్త జత.
వేళ్ళు పిడి మీదే ఉంటాయి.
అయినా వాలు రాగానే
పాదం తనంతట తను జారి
నేలని వెతుక్కుంటుంది.
కొత్త జతలో ఎడమది
అప్పుడే కొంచెం అరిగింది.